అడ్వర్బ్ సారు చెట్టెక్కిన వైనం

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. దేవుడు మా వీధి వైపు చూసిన దాఖలాలు పెద్దగా లేవు గానీ, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు మా వీధిలోంచి లేచి వెళ్ళిపోయిన దాఖలాలు మాత్రం కళ్ళ ముందే ఉండేవి. అందుకని పట్టుబట్టి ఎమ్మే ఇంగ్లీషు చదివాను. (ఏ కాలేజీలో అని అడక్కండి, నేను అక్కడ చదివిన సంగతి ఆ కాలేజీకి కూడా గుర్తుండదు.) ఇంగ్లీషులో కూడా నాకు అన్నిటికంటే క్రియా విశేషణాలంటే ప్రాణం, అందులోనూ పని ఎలా జరిగిందో చెప్పేవి. ఏం చేశావు, ఎంత చేశావు, ఎందుకు చేశావు అని నిలదీసేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉంటారు. ఎలా చేశావు నాయనా అని ఆదరంగా అడిగేది ఆ ఒక్క జాతి మాటలే. మెల్లగా, జాగ్రత్తగా, సంతోషంగా అని తెలుగులో మనం 'గా' తగిలించిన చోట ఇంగ్లీషువాడు 'లీ' తగిలిస్తాడు. ఈ 'గా'ని 'లీ'గా మార్చే విద్య ఒక్కటి చేతిలో ఉంటే బతికేయొచ్చని గట్టిగా అనుకునేవాణ్ణి. 'గా', 'లీ' పక్కపక్కన పెడితే గాలీ అవుతుందని, నేను కడుతున్నవన్నీ ఆ గాలిలో మేడలేనని అప్పట్లో తట్టలేదు.

మా నాన్న మామిడికాయలు కోసే మనిషి. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో ఆయన చెయ్యి పడని చెట్టు తక్కువ. కోతంటే రాళ్ళు రువ్వి రాల్చడం కాదు. పొడుగాటి వెదురు గెడ చివర చిన్న కత్తి, దాని కింద వల సంచీ ఉంటాయి. దాన్ని మా వైపు చిక్కం అంటారు. కాయ తొడిమ తెగి వలలో పడాలి, గెడ మెల్లగా కిందికి రావాలి. నేలకి తాకిన కాయ బతుకు జ్యూసు ఫ్యాక్టరీకే. కింది కొమ్మలు నేల మీద నిలబడి కోయొచ్చు గానీ, చిటారుకొమ్మల దాకా చిక్కం అందాలంటే మనిషి చెట్టెక్కాలి. ఆ ఎక్కే మనిషి నాన్న. అంతకుముందు ఏడాది కాలు జారి, పంచె కొమ్మకి తగులుకుని కాసేపు కాయల మధ్య కాయలాగా వేలాడాడు. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. అమ్మ నవ్వలేదు. "కొత్త పంచె కాబట్టి ఆగింది. పాతది కట్టుకెళ్ళుంటే తెలిసేది మీ నవ్వు" అంది. ఆ తర్వాత నుంచి నాన్న మోకాళ్ళు మెట్లెక్కినా చప్పుడు చేసేవి. అయినా చెట్టు మానమంటే ఆయనది ఒకటే మాట: "నువ్వు బడి మెట్లెక్కిన రోజున నేను చెట్టు దిగుతానురా అబ్బాయ్."

కాబట్టి నా ఉద్యోగం నా ఒక్కడి గొడవ కాదు. ఇంకొన్నాళ్ళలో రెడ్డిగూడెం రోడ్డులో ఉన్న పెద్ద తోటలో రసాలు కోతకొస్తున్నాయి. అక్కడివన్నీ ముసలి చెట్లు, ఒక్కోటి కొబ్బరిచెట్టంత ఎత్తు. మేస్త్రీ అప్పుడే రెండు మూడుసార్లు ఫోన్ చేశాడు, "ఏం బాబాయ్, వస్తన్నట్టేగా?" అని. నాన్న "చూద్దాంలే" అంటూ నా వైపు చూసేవాడు. నేను ఫోన్ వైపు చూసేవాణ్ణి. అలా చూడగా చూడగా ఓ రోజు ఫోన్లో మెసేజీ వచ్చింది. నూజివీట్లో ఓ ఇంగ్లీషు మీడియం స్కూల్లో (పేరెందుకు లెండి, పేరు నిండా ప్రపంచం ఉంది, లోపల మంచినీళ్ళు లేవు) పదో తరగతిలోకి వచ్చే పిల్లలకి వేసవి క్లాసులు నడుస్తున్నాయట, ఇంగ్లీషు మాస్టారు కావాలట, వచ్చి డెమో ఇమ్మన్నారు. డెమో అంటే తెలుసు కదా, సంబంధం ఖాయం చేసుకునే ముందు పెళ్ళికూతుర్ని పాడమన్నట్టు, మాస్టారుని ఓ పాఠం చెప్పమనడం.

స్కూలు కరస్పాండెంటు గారు తెల్లటి చొక్కాలో, తెల్లటి నవ్వుతో ఎదురొచ్చారు. నన్ను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూశారు. "రావయ్యా మాస్టారూ! ఎమ్మేనా? బాగుంది. మంచి పొడుగున్నావయ్యా!" అన్నారు. అర్హతల్లో పొడుగు కూడా ఒకటని నాకు తెలియదు గానీ, "థాంక్యూ సార్" అన్నాను. "అదిగో ఆ ఫ్యాను మొరాయిస్తోంది, రెక్కని ఓసారి చేత్తో తొయ్" అన్నారు. తోశాను. తిరిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "కుర్చీ కూడా అక్కర్లేదు, చూశావా ఆయమ్మా!" అని గది ఊడుస్తున్న ఆవిడకి చూపించారు. ఆవిడ నన్ను చూసి ఎందుకో నిట్టూర్చింది. తర్వాత ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మా పద్ధతి వేరయ్యా. ఒక్క పీరియడ్ చూసి మనిషినేం తెలుసుకుంటాం చెప్పు? ఓ వారం చెప్పు. నువ్వు పిల్లలకి నచ్చాలి, పిల్లలు నీకు నచ్చాలి. ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. మనిషిని ఇంత ఓపిగ్గా అర్థం చేసుకోవాలనుకునే యజమాని ఉంటాడా అని.

"ఏ పాఠం చెప్పమంటారండి?"

"అడ్వర్బ్స్. అదే, మేనర్ అంటారే, ఆ రకం. మొన్నటితో అడ్జెక్టివ్స్ అయిపోయాయి."

"అవెవరు చెప్పారండి?"

"చెప్పారులేవయ్యా. నువ్వు బాగా చెప్పు."

నేను ప్రాణం పెట్టుకున్న పాఠమే నాకు పడిందంటే ఇది దైవ నిర్ణయమేనని, అంతవరకూ నమ్మని దేవుడి ఖాతాలో వేసేశాను.

ఇక ఆ పిల్లలు! అంతటి క్లాసుని నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ లేచి ఒక్క గొంతుతో స్వాగతం చెప్పారు. ప్రశ్న అడిగితే పూర్తి వాక్యంలో జవాబు. నవ్వాల్సిన చోట నవ్వు, చప్పట్లు కొట్టాల్సిన చోట చప్పట్లు. కిటికీ పక్క నుంచి కరస్పాండెంటు గారు నడిచి వెళుతుంటే అందరి చేతులూ ఒకేసారి పైకి లేచేవి. ఆయన దాటిపోగానే దిగేవి. ఇదంతా నా ప్రతిభేనని అనుకున్నాను. పొడుగాటి స్కేలుకి డస్టరు కట్టి చిక్కం చేశాను. వెనక బెంచీ కుర్రాణ్ణి పిలిచి, ఫ్యానుని కొమ్మనుకుని కాయ కోయమన్నాను. వాడు చాలా నాజూగ్గా కోసి, దించి, కనబడని కాయని కనబడని గంపలో పెట్టాడు. "హౌ డిడ్ హి ప్లక్ ది మ్యాంగో?" అన్నాను. "హి ప్లక్‌డ్ ది మ్యాంగో జెంట్లీ సార్!" అని క్లాసు మోగింది. 'జెంట్లీ'ని తీసుకెళ్ళి మధ్యలో ఇరికించకండి, క్రియకీ దాని కర్మకీ మధ్య ఎవరూ దూరకూడదు, ఆ రెండూ అయ్యాకే ఎలా అన్నది చెప్పాలి అని వివరించాను. (నా కర్మలో ఎవరు ఎక్కడ దూరారో నాకే తెలియని రోజులవి.)

మొదటి బెంచీలో రెండు జడల పిల్ల ఒకతి ఉండేది. ఆ క్లాసుకి తనే నాయకురాలు. చెయ్యెత్తి, "సార్, కరస్పాండెంట్ సార్ స్మైల్స్ ఫ్రెండ్లీ అనొచ్చా సార్?" అని అడిగింది.

"అనకూడదమ్మా. ఫ్రెండ్లీకి చివర 'లీ' ఉంది గానీ అది అడ్వర్బ్ కాదు. చూడ్డానికి అలా ఉంటుందంతే. తోక చూసి మోసపోకూడదు."

"అవును సార్, చూడ్డానికి అలా ఉంటారంతే" అంది ఆ పిల్ల. క్లాసంతా పగలబడి నవ్వింది. వ్యాకరణాన్ని ఇంతగా ఆస్వాదించే పిల్లలున్న దేశానికి ఇంక బెంగలేదనుకున్నాను. ఇంకో రోజు అదే పిల్ల, "సార్, 'అతను ఊరికే పనిచేశాడు' అంటే, ఆ ఊరికేకి 'లీ' ఏంటి సార్?" అంది. "దానికి 'లీ' ఉండదమ్మా, 'ఫర్ నథింగ్' అనాలి" అన్నాను. "ఎలా పనిచేశాడు అంటే చెప్పే మాటే కదా సార్, మరి 'లీ' ఎందుకుండదు?" అని నన్నే జాలిగా చూసింది. "వెరీ గుడ్ కొశ్చన్" అని మెచ్చుకుని, చప్పట్లు కొట్టించాను. కొట్టారు పాపం.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నాన్న అరుగు మీద కూర్చుని ఉండేవాడు. ఏం చెప్పావు, ఎంతిస్తారు అనేవేమీ లేవు. రోజూ ఒకటే ప్రశ్న: "ఎలా చెప్పావురా?" నేను పాఠం చెబుతున్న ప్రశ్న అదే కావడంతో గుండె ఉప్పొంగేది.

"బాగా చెప్పాను నాన్నా."

"బాగా అంటే ఇంగ్లీషులో?"

"వెల్."

"వెల్లంటే నుయ్యి కదరా? పెద్ద తోటలో బోరు మీద రాసుందిగా."

"అది వేరే వెల్లు నాన్నా. దీనికి 'లీ' కూడా ఉండదు."

"ఏ నుయ్యైనా చూసుకుని దిగమనండి" అనేది అమ్మ లోపల్నుంచి. మేస్త్రీ ఫోన్ చేస్తే ఈసారి నాన్న "చూద్దాంలే" అనలేదు. "మావాడి సంగతి తేలనీరా, శనివారం చెప్తా" అన్నాడు. ఆ గొంతులో ఉన్న ధీమాకి ఏ 'లీ' తగిలించాలో వెతుక్కుంటూ నిద్రపోయాను.

మా వైపు ఓ ఆచారం ఉంది. పెళ్ళిచూపులకి వెళ్ళినా, ఆసుపత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్ళినా, పని అడగడానికి వెళ్ళినా ముందు పళ్ళ గంప నడుస్తుంది, వెనక మనిషి నడుస్తాడు. తోటలున్న ఆసాములు తమ చెట్టు పళ్ళు పంపిస్తారు. ఆ పండే వాళ్ళ పేరూ ఊరూ చెబుతుంది. సొంత చెట్టు లేని మేము ఆ ఆచారం పాటించబోవడమే మా ఇంటిల్లిపాదీ కలిసి చేసిన పొరపాటు. శనివారం నా డెమో ఆఖరి రోజు. గాలివానకి పెద్ద తోటలో రాలిన రసాలు ఏరుకొమ్మని మేస్త్రీ అంటే, నాన్న వాటిల్లోంచి ఏ దెబ్బా తగలనివి ఎంచి తెచ్చి, గడ్డిలో మాగవేసి, మంచి గంప చూసి సర్దాడు. "నూజివీట్లో ఎవరికి తక్కువ నాన్నా మామిడిపళ్ళు?" అన్నాను. "పళ్ళు ఉండటం వేరు, మనం ఇవ్వటం వేరు. పట్టుకెళ్ళు" అన్నాడు. నిగనిగలాడే ఇస్త్రీ చొక్కాతో, నెత్తిన గంపతో, ఆటో దిగి స్కూల్లోకి నడిచాను. గంప కరస్పాండెంటు గారి బల్ల మీద పెట్టి క్లాసుకి వెళ్ళాను.

క్లాసులో బోర్డు నిండా రంగు సుద్దముక్కలతో పూలు గీసి ఉన్నాయి. మధ్యలో పెద్ద అక్షరాలతో 'గుడ్ బై అడ్వర్బ్ సార్' అని ఉంది. రెండు జడల పిల్ల లేచి, "సార్, వుయ్ థాంక్ యూ సిన్సియర్లీ" అంది. అడ్వర్బ్ సరిగ్గా పడాల్సిన చోట పడింది. నేను మురిసిపోయాక గానీ బోర్డు మీది మాట బుర్రకెక్కలేదు.

"గుడ్ బై ఏంటమ్మా? సోమవారం వస్తానుగా."

వెనక బెంచీ కుర్రాడు, నాజూగ్గా కాయ కోసినవాడే, తల గోక్కుంటూ అన్నాడు: "సోమవారం ప్రిపోజిషన్ మేడం వస్తారు సార్."

"ఎవరు?"

"ప్రిపోజిషన్స్‌కి డెమో ఇచ్చే మేడం సార్. నిన్న వచ్చి మాట్లాడుకుని వెళ్ళారు. నౌన్స్‌కి నౌన్ సార్ వచ్చారు. వెర్బ్ మేడం చాలా మంచివారు సార్, టెన్సులు వారంలో అవ్వలేదని వాళ్ళ డెమో ఇంకో వారం పెంచారు. అడ్జెక్టివ్ సార్ ఏలూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. వెళ్ళేటప్పుడు ఏడ్చారు సార్."

"ఏడవలేదురా, కంట్లో సుద్ద పడింది" అంది రెండు జడల పిల్ల, మృదువుగా. ఆ అబద్ధం అంతకుముందు ఆఖరి రోజుల్లో ఎంతమంది కోసం ఆడిందో గానీ, చాలా అలవాటుగా ఆడింది.

ఫ్యాను గిర్రున తిరుగుతోంది. నా కాళ్ళ కింద నేల కూడా. అంటే ఇక్కడ ఇంగ్లీషు మాస్టారు ఉద్యోగమే లేదు. డెమోలే ఉన్నాయి. నామవాచకం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో నిరుద్యోగి చేత ఒక్కో పాఠం ఊరికే చెప్పించుకుంటూ, వేసవి ముగిసేసరికి వ్యాకరణమంతా పూర్తి చేసుకుంటున్నారు. ఏ పాఠమూ మిగిలిపోదు, పిల్లలకి లోటు రాదు. తోకలున్న మాటలన్నీ అడ్వర్బులు కావని చెప్పినవాణ్ణి నేనే. ఉద్యోగంలా కనబడేదల్లా ఉద్యోగం కాదని మాత్రం తెలుసుకోలేకపోయాను.

"మీకు ముందే తెలుసు కదమ్మా. మొదటి రోజే చెప్పొచ్చు కదా?"

ఆ పిల్ల తల దించుకుంది. "ఊరికే అని అడిగాను కదా సార్. మీకు తడుతుందేమో అనుకున్నా." "విడమరిచి చెబితే మీరు వెళ్ళిపోతారు సార్. అడ్వర్బ్స్ మాకు మరి ఎవరు చెబుతారు? పరీక్షలో వస్తాయి కదా" అంది. నిజం చెప్పాలంటే ఆ స్కూల్లో నాకు ఎదురైన న్యాయమైన మాట అదొక్కటే. పీరియడ్ బెల్లు కొట్టేదాకా మిగిలిన పాఠం చెప్పేసి (వెర్బ్ మేడంలాగా నా పాఠం కూడా మిగిలిపోయిందన్న మాట రాకూడదుగా) బయటికొచ్చాను.

కరస్పాండెంటు గారు రసం పండు ఒకటి రెండు చేతుల మధ్య పెట్టుకుని మెత్తగా పిసుకుతున్నారు. "రావయ్యా మాస్టారూ! పిల్లలు తెగ మెచ్చుకుంటున్నారు" అన్నారు, చూడ్డానికి ఫ్రెండ్లీగా.

"ఉద్యోగం సంగతేంటండి?"

"మేనేజ్‌మెంట్ మీటింగులో పెట్టాలి కదయ్యా. జూన్లో చూద్దాం." (మేనేజ్‌మెంట్ అంటే ఆయనా, ఆయన భార్యా. వాళ్ళు జూన్లో గానీ మాట్లాడుకోరేమో.) ఆయన పండుని వెలుతురుకి ఎత్తి చూశారు. ముక్కు చూశారు, బుగ్గ చూశారు, తొడిమ దగ్గర వాసన చూశారు. "ఇది మా బావమరిది తోటలో పండు కదయ్యా! రెడ్డిగూడెం రోడ్డు, మోటారు షెడ్డు పక్క చెట్టుది. నీ చేతికెలా వచ్చింది?"

"గాలికి రాలినవండి. మేస్త్రీ ఏరుకోమన్నాడు."

"రాలిన పండుకి దెబ్బేదీ?"

"గాలి పట్టిందంటే మా నాన్న చెట్ల కింద ఎండుటాకులు దట్టంగా పోస్తాడండి. వాటి మీద పడినవి."

"మీ నాన్నెవరయ్యా?"

చెప్పాను. కాయలు కోస్తాడని, ఎక్కడెక్కడ కోశాడో కూడా చెప్పాను. ఆయన పండు పక్కన పెట్టి ముందుకి వంగారు. నా ఎమ్మే చూసినప్పుడు లేని ఆసక్తి ఆ కళ్ళల్లో కనబడింది. "పెద్దాయన కొడుకువా నువ్వు! ముందే చెప్పొద్దూ? ఉద్యోగం కావాలన్నావుగా. ఉంది. సోమవారం నుంచే."

చచ్చిపోయిన ఆశ లేచి కూర్చుంది. "ఏ క్లాసులకండి?"

"క్లాసు కాదయ్యా, కోత! రసాలు కోయడానికి మనుషుల్లేక మా బావమరిది కొట్టుకుంటున్నాడు. పెద్దాయనకి మోకాళ్ళు పోయాయని మేస్త్రీ అంటున్నాడు, అయినా వేరే దిక్కు లేక ఆయన్నే ఎక్కిద్దామంటున్నాడు. నువ్వయితే కుర్రాడివి, మంచి పొడుగు. మొదటిరోజే అనుకున్నా నేను. సీజనయ్యేదాకా చెయ్, జూన్లో మన స్కూలు ఎటూ ఉంది."

వారం నుంచీ కోతలు కోసింది ఆయన. కాయలు కోయాల్సింది మాత్రం నేనన్నమాట. నేను ఎమ్మే చదివానని ఆయనకి గుర్తు చేద్దామనుకున్నాను. కానీ నేను కాదంటే సోమవారం ఆ కొబ్బరిచెట్టంత చెట్టెక్కేది ఎవరో నాకు తెలుసు. "వస్తానండి" అన్నాను. డెమో చెయ్యమని అడగలేదు. చెట్టెక్కే పనికి డెమో ఉండదట.

అరుగు మీద నాన్న నన్ను చూడగానే లేచాడు. మోకాళ్ళు చప్పుడు చేశాయి. "వచ్చిందా?"

"వచ్చింది నాన్నా."

అమ్మ చేతిలో చేట పడేసి బయటికొచ్చింది. "ఎప్పటి నుంచిరా?" అన్నాడు నాన్న.

"సోమవారం నుంచి. రెడ్డిగూడెం రోడ్డులో."

"రెడ్డిగూడెం రోడ్డులో బడెక్కడుందిరా, పెద్ద తోట తప్ప?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. జరిగింది చెప్పాను. వింటున్నంతసేపూ ఆయన తువ్వాలు అంచు మడతపెడుతూ, విప్పుతూ ఉండిపోయాడు. చివరికి, "నువ్వు ఇంకో బడి చూసుకోరా. చెట్టు నేనెక్కుతాలే" అన్నాడు.

"పని దొరికిన రోజున దిగుతానన్నావు. దొరికింది. దిగు" అన్నాను. నేను అంత కఠినంగా మాట్లాడటం ఆ ఇంట్లో అదే మొదలు. నాన్న లోపలికి వెళ్ళి, చిక్కం దించి, వల ముడులు విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. అమ్మ పెట్టెలోంచి కొత్త పంచె తీసి నా ఒళ్ళో పెట్టింది. "ప్యాంటు వద్దు. ఇది కట్టుకెళ్ళు. కొమ్మకి తగులుకున్నా ఆగుద్ది."

సోమవారం చెట్టెక్కాను. కాయ సొన చేతి మీద పడితే ఎలా మండుతుందో, ఎర్రచీమలు చొక్కాలోకి దూరి ఎలా కుడతాయో చెప్పే అడ్వర్బులు ఏ గ్రామర్ పుస్తకంలోనూ లేవు. నేను ఆ రోజు కొన్ని కనిపెట్టాను, అవి అచ్చు వేయదగ్గవి కావు. నాన్న కింద తాడు పట్టుకుని నిలబడి, "మెల్లగా... మెల్లగారా... చూసుకుని" అంటూ నా ప్రతి కదలికకీ ఓ 'గా' తగిలిస్తున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చే వేళ, రోడ్డు మలుపులో గంపల ట్రాక్టరు అడ్డం తిరిగి ఓ పసుపు బస్సు ఆగింది. ఆ పూట క్లాసులు ముగించుకుని మా స్కూలు పిల్లలు ఊళ్ళకి వెళుతున్నారు. నేను గుబురు కొమ్మల్లోకి జరిగాను. పొడుగు మనిషికి దాక్కోవడం కష్టం.

"ఒరేయ్, అడ్వర్బ్ సార్రా!"

"ఎక్కడ్రా?"

"అదిగో! అడ్వర్బ్ సార్ ఈజ్ ఇన్ ది ట్రీ!"

కిటికీలన్నిట్లోంచీ తలలు బయటికొచ్చాయి. 'ఇన్' అన్నారు, 'ఆన్' అనలేదు. మొదటి రోజే సరిగ్గా వచ్చిందంటే ప్రిపోజిషన్ మేడం బాగానే చెబుతోందన్నమాట, పాపం, ఊరికే. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ట్రాక్టరు తప్పుకుంది. బస్సు కదిలింది. ముందు కిటికీలోంచి రెండు జడలు గాలికి ఎగురుతూ, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని ఆ పిల్ల అరిచింది: "సార్! క్లైంబ్ డౌన్ కేర్‌ఫుల్లీ సార్!"

కింద నుంచి నాన్న, "ఏంటిరా ఆ పిల్లలు అంటన్నారు?" అన్నాడు.

"జాగ్రత్తగా దిగమంటున్నారు నాన్నా."

"నీ దగ్గర చదువుకున్న పిల్లలా?"

"ఆఁ."

నాన్న దుమ్ములో కనుమరుగవుతున్న బస్సు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "బాగా చెప్పావురా" అన్నాడు. వెల్ అనలేదు గానీ, ఆ వారం నేనిచ్చిన డెమోకి ఫలితం చెప్పిన మనిషి ఆయనొక్కడే.

జూన్లో ఆ స్కూలుకి వెళ్ళాను. 'కంజంక్షన్స్‌కి డెమో ఇస్తావా' అని అడిగారు. వచ్చేశాను. ఆ తర్వాత చాలా మెట్లు ఎక్కి, దిగి, ఇప్పుడు చింతలపూడిలో ఓ ట్యుటోరియల్లో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. అడ్వర్బుల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉదాహరణలు వదిలేసి, 'హి క్లైంబ్‌డ్ డౌన్ కేర్‌ఫుల్లీ' అని బోర్డు మీద రాస్తాను. పిల్లలు ఎవరు సార్ దిగింది అని అడుగుతారు. నాకు అప్పుడు నెత్తిన పళ్ళ గంప, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, కళ్ళల్లో బోలెడు 'లీ'లు పెట్టుకుని గేటులోంచి నడిచొస్తున్న ఓ పొడుగాటి వెర్రివాడు కనబడతాడు. వాడిని ఆపి చెబుదామనిపిస్తుంది గానీ, చెబితే వెళ్ళిపోతాడు; వాడు వెళ్ళిపోతే ఆ పిల్లలకి అడ్వర్బ్స్ ఎవరు చెబుతారు? అందుకని నవ్వి ఊరుకుంటాను.

నాన్న ఆ తర్వాత మళ్ళీ చెట్టెక్కలేదు. నేను కోరుకున్నది అదే, అది జరిగింది. ఎలా జరిగిందీ అని మాత్రం ఎవరైనా అడిగితే, ఇంత ఇంగ్లీషు చదివినవాడికి ఒక్క మాట దొరకదు.